ప్రింట్ చేసిన స్టీలు తుప్పు పట్టదా?

అందరికీ నమస్కారం. అంబత్తూరు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు, నేరుగా విషయానికి వస్తాను. పంపు ఇంపెల్లర్లు (నీటిని తోసే చక్రాలు), వాల్వు బాడీలు మెటల్ త్రీడీ ప్రింటింగులో చేయించేటప్పుడు మనం అడిగేది ఒకటే, "316ఎల్ కదా?" అని, అంటే ఆ రకం స్టెయిన్‌లెస్ స్టీలే కదా అని. ఉప్పుగాలి కిటికీ గ్రిల్లును కూడా వదలని చెన్నైలో ఆ ఒక్క ప్రశ్న చాలదు.

ముందు మంచి మాట చెప్తాను. 316ఎల్‌లో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కట్టి తుప్పును ఆపుతుంది. మామూలు పద్ధతిలో చేసిన 316ఎల్‌లో ఉప్పులోని క్లోరైడ్ ముందుగా గుంట తవ్వేది మాంగనీస్ సల్ఫైడ్ రేణువుల దగ్గర. ప్రింటింగులో లోహపు పౌడర్‌ను లేజర్ పొరపొరగా కరిగిస్తుంది. ఆ కరిగిన లోహం సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లారుతుంది కాబట్టి ఆ రేణువులు పెరగడానికి టైమే ఉండదు. అందుకే ల్యాబులో ఇది చాలాసార్లు మామూలు 316ఎల్ కంటే బాగా నిలబడుతుంది.

కానీ ల్యాబు ముక్కను పరీక్షకు ముందు అద్దంలా పాలిష్ చేస్తారు. మీ ఇంపెల్లర్ లోపలి దారుల్ని ఎవరు పాలిష్ చేశారు? ప్రింటయ్యేటప్పుడు కిందివైపు ఉన్న ముఖాన్ని మైక్రోస్కోపులో చూడండి. 15 నుంచి 45 మైక్రాన్ల పౌడర్ గుండ్లు సగం కరిగి అంటుకుని ఉంటాయి. వాటి సందుల్లో నీళ్లు నిలుస్తాయి, ఆక్సిజన్ అయిపోతుంది, యాసిడ్ పుడుతుంది, దాని వెంట క్లోరైడ్ చేరుతుంది. ఇక ఆ తుప్పు తనంతట తానే పెరుగుతుంది. పొరల మధ్య సరిగా కరగని ఖాళీ పైకి తెరుచుకున్నా ఇదే జరుగుతుంది, ఇంకా లోతుగా. రిపోర్టులో 99.5 శాతం డెన్సిటీ అని చూసి హమ్మయ్య అనుకుంటాం. మిగతా అర శాతం ఖాళీ ఎక్కడుందో ఆ అంకె చెప్పదు.

2024 మేలో ఇస్రో ప్రింట్ చేసిన పీఎస్4 ఇంజిన్‌ను (పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశది) 665 సెకన్లు మండించింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డింగులు తగ్గాయి. వెల్డు తగ్గితే తుప్పుకు ఒక చోటు తగ్గినట్టే, నిజమే. అయితే మన పార్టుల్లో అన్నీ ఒక్కటైపోతే లోపలికి బ్రష్ కూడా వెళ్లదు.

అందుకే ఆర్డర్లోనే రాయండి: మీ పార్టుకు వాడే అదే పౌడర్‌తో, అదే వాలులో ప్రింట్ చేసి, హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక, పాలిష్ చేయని ముక్క మీద ఏఎస్‌టీఎం జీ61 పరీక్ష (ఉప్పునీళ్లలో వోల్టేజి పెంచి, తగ్గించి గుంటల తుప్పును కొలిచేది) కావాలని. గుంట మొదలయ్యే పొటెన్షియల్ (వోల్టేజి) ఒక్కటే తీసుకుని ఊరుకోవద్దు, గుంట మానే పొటెన్షియల్ కూడా అడగండి. ప్రింట్ చేసిన 316ఎల్ మొదటిదాంట్లో గెలిచి రెండోదాంట్లో వెనకబడ్డ ఫలితాలున్నాయి. లోపలి దారుల్లోంచి అబ్రేసివ్ పేస్టు నడిపించి నునుపు చేయించవచ్చు, ఖర్చవుతుంది. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లలోలాగా సముద్రపు నీళ్లు నేరుగా తగిలే పనైతే 316ఎల్ మాటే వద్దు, తుప్పును ఇంకా బాగా తట్టుకునే సూపర్ డూప్లెక్స్ స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.