‘ధ’ను ‘మా’ చేసిందెవరు? పీష్వాల ఇంట పుట్టిన మరాఠీ నుడికారాలు

వ్యాఖ్యాత: నమస్కారం. కాగితం మీది మాటను ఎవరైనా కావాలని తారుమారు చేస్తే మరాఠీవారు ‘ధ చా మా కరణే’ అంటారు, అంటే ‘ధ’ను ‘మా’ చేయడమని. మేడమ్, దీని వెనుక ఒక హత్య ఉన్నదంటారు కదా?

చరిత్ర అధ్యాపకురాలు: ఉన్నదండి. 1773 ఆగస్టు 30న పుణెలోని పీష్వాల నివాసమైన శనివార్‌వాడాలోకి, జీతం బకాయిల నెపంతో చొరబడిన గార్దీలనే కిరాయి సైనికులు మరాఠా రాజ్యపు ప్రధాని, అంటే పీష్వా అయిన 18 ఏళ్ల నారాయణరావును నరికి చంపారు. ‘కాకా, మలా వాచవా’, అంటే ‘బాబాయ్, నన్ను కాపాడు’ అంటూ అతడు రఘునాథరావు దగ్గరికి పరుగెత్తాడని చెప్పుకుంటారు. ఆ బాబాయి ఇచ్చిన ఉత్తర్వులో ‘ధరావే’, అంటే పట్టుకోవాలి అని ఉండగా, ఆయన భార్య ఆనందీబాయి దానిని ‘మారావే’ అని దిద్దించి చావు ఉత్తర్వుగా మార్చిందని జనం నమ్మారు. 1826లో వెలువడిన తన మరాఠా చరిత్రలో బ్రిటిష్ అధికారి గ్రాంట్ డఫ్ కూడా ఈ దిద్దుబాటు సంగతి రాశాడు.

అనువాదకుడు: ఆనాటి దస్తావేజులు మోడీ లిపిలో ఉండేవి. ముందుగా పైగీత గీసుకొని, కలం వీలైనంతవరకు ఎత్తకుండా అక్షరాలను దానికి వేలాడదీస్తూ పోతారు. నేను ఆ లిపి నేర్చుకునే రోజుల్లో ఒక్కొక్క పదం దగ్గర అరగంట ఆగిపోయేవాణ్ని. అటువంటి రాతలో ఒక్క అక్షరం మారిందంటే నమ్మడం జనానికి కష్టమై ఉండదు.

చరిత్ర అధ్యాపకురాలు: అయితే విచారణ జరిపిన న్యాయాధీశుడు రామశాస్త్రి ప్రభుణే దోషిగా తేల్చింది రఘునాథరావునే. మరణమే దీనికి ప్రాయశ్చిత్తమని ముఖం మీదే చెప్పి, ఆయన పుణె విడిచి వెళ్లిపోయారు. నుడికారం మాత్రం భర్తను సగం విడిచిపెట్టి, నేరాన్ని భార్య చేతిరాతకు అంటగట్టింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

వ్యాఖ్యాత: ఆ రఘునాథరావుకే మరో నుడికారంతో సంబంధం ఉన్నదట?

చరిత్ర అధ్యాపకురాలు: 1758లో ఆయన నడిపిన ఉత్తరదేశ దండయాత్రలో మరాఠా సేనలు సింధు నది ఒడ్డున ఉన్న అటక్ వరకు వెళ్లాయి. ఘనకార్యం సాధించినవారిని ‘అటకేపార్ ఝెండా’ నాటారని నేటికీ పొగడడం అందువల్లనే.

అనువాదకుడు: మూడో నుడికారం కూడా ఆ ఇంటిదే. 1761 జనవరి 14న పానిపత్ యుద్ధంలో చనిపోయిన విశ్వాసరావు, నారాయణరావుకు పెద్దన్న. ఎవరైనా ‘నా మీద విశ్వాసం లేదా?’ అంటే, ‘విశ్వాస్ పానిపత్‌లోనే పోయాడు’ అని మరాఠీవారు చురక వేస్తారు. ఇది తెలుగులోకి సులువుగానే వస్తుంది, విశ్వాసం మనకూ ఉన్నది కాబట్టి!

వ్యాఖ్యాత: మరి ‘ధ చా మా’ను తెలుగులో ఏమంటారు?

అనువాదకుడు: ‘పట్టండి’ అన్నదాన్ని ‘కొట్టండి’ అని దిద్దినట్టు ఊహించి, ‘ప’ను ‘కొ’ చేయడం అని ఒకసారి రాసి చూశాను.

చరిత్ర అధ్యాపకురాలు: మరాఠీలో ‘మారణే’ అంటే కొట్టడమూ, చంపడమూ. మీ తెలుగులో నారాయణరావు దెబ్బలతో బతికి బయటపడతాడు.

అనువాదకుడు: అందుకే కొట్టేసి, మరాఠీ అక్షరాలనే ఉంచాను మేడమ్.