వేటకు మిల్క్‌వీడ్ దూది: కాయ ఎప్పుడు కోయాలి, ఎలా ఆరబెట్టాలి?

[దృశ్యం: అడవి అంచు, సాయంత్రం. చేతిలోంచి వదిలిన దూదిపింజె మెల్లగా తేలుతూ వెళ్తుంది.]

నమస్కారం అండి. మిల్క్‌వీడ్ అనే మొక్క కాయలోంచి తీసిన ఈ దూదిపింజె ఎటు వెళ్తోందో కాస్త గమనించండి. ముందు తిన్నగా వెళ్లింది. ఆ ఓక్ చెట్టు దాటగానే ఎడమకు తిరిగింది, ఇప్పుడు వాగు వైపు కిందికి దిగుతోంది. అంటే మన ఒంటి వాసన కూడా అదే దారిలో వెళ్తోందన్నమాట. విల్లుతో వేటాడేవాళ్లకు జింక 20, 30 గజాల దగ్గరికి రావాలి. వాగు పక్కన నిలబడ్డ జింక ముక్కుకు ఈ గాలి తగిలిందంటే అది మనకు కనపడకుండానే వెళ్లిపోతుంది.

ఇలా గాలి ఎటు వీస్తోందో చూడటానికి దుకాణాల్లో చిన్న సీసాల్లో పౌడర్ అమ్ముతారు. నొక్కితే తుస్సుమని వస్తుంది, నాలుగడుగులు వేసేలోపే కలిసిపోతుంది. మన దగ్గర గాలి ఎటుందో చెబుతుంది, అవతల ఏం జరుగుతోందో చెప్పదు. పింజె అయితే కంటికి ఆనినంత దూరం చెబుతూనే ఉంటుంది. పైగా పొలం గట్టున ఊరికే దొరుకుతుంది.

ఒక మాట ముందే చెబుతాను. ఇది అమెరికా, కెనడాల్లో లైసెన్సు తీసుకుని వేటాడే మనవాళ్ల కోసం. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం.

[దృశ్యం: రోడ్డు పక్క బీడులో మిల్క్‌వీడ్ మొక్కలు, బూడిదరంగు ఆకుపచ్చ కాయలు.]

మిల్క్‌వీడ్‌లో చాలా రకాలున్నాయి. మనకు కావాల్సింది కామన్ మిల్క్‌వీడ్. వెడల్పాటి ఆకులు, మూడు నాలుగు అంగుళాల లావుపాటి కాయ, కాయ మీద మెత్తటి బొడిపెలు. చిత్తడి నేలల్లో పెరిగే స్వాంప్ మిల్క్‌వీడ్ కాయ సన్నగా ఉంటుంది, దూది తక్కువ. మన జిల్లేడుకు ఇది చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో మనకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు. దీని పాలతోనూ అంతే జాగ్రత్త కావాలి. గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

ఇక అసలు విషయం, ఎప్పుడు కోయాలి? ఆగస్టు చివర నుంచి అక్టోబర్ దాకా ప్రాంతాన్ని బట్టి ముదురుతాయి. మా మిషిగన్‌లో విల్లు సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి సెప్టెంబర్‌లోనే చూసుకోవాలి. కానీ క్యాలెండర్‌ని నమ్ముకోవద్దు. ఒకే మొక్క మీద కూడా కాయలన్నీ ఒకేసారి ముదరవు. ఒక్కో కాయనీ పట్టి చూడాల్సిందే.

[దృశ్యం: దగ్గరగా. బొటనవేలు కాయ గీత మీద మెల్లగా నొక్కుతోంది.]

కాయకు ఒక పక్కన పొడుగునా గీత ఉంటుంది. దాని మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. ముదిరిన కాయ తేలిగ్గా విచ్చుకుంటుంది. లోపల గింజ గోధుమరంగులో ఉంటే కోయొచ్చు. బలంగా చీలిస్తే తప్ప తెరుచుకోకపోయినా, గింజ తెల్లగా ఉన్నా ఆ కాయలను ఇంకొన్ని రోజులు వదిలేయండి. లేత కాయలో దూది తడిగా, ముద్దగా ఉంటుంది. ఎంత ఆరబెట్టినా అది సరిగ్గా విడదు, ఎగరదు. ఆలస్యమైతే ఇంకో బాధ. కాయ దానంతటదే పగిలి, ఒక్క వాన పడిందంటే దూది అట్టకట్టి నల్లబడుతుంది. ముదిరి, ఇంకా పగలని ఆ కొద్ది రోజులే మన అదను.

[దృశ్యం: తెరిచిన కాయ, లోపలి కండె.]

ఇప్పుడే తెరిచిన కాయలో చూడండి, గింజలు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. వాటికి అంటుకుని, పట్టులా మెరిసే దూది ఒక కొస వైపు కుచ్చులా పోగై ఉంది. ఆ కుచ్చును గట్టిగా పట్టుకుని, గింజలూ దూదీ కలిసున్న ఈ కండెను మొత్తంగా బయటికి లాగండి. పట్టు వదలకుండా రెండో చేతి బొటనవేలితో గింజల్ని రుద్దండి. జలజలా రాలిపోతాయి, చేతిలో ఒట్టి దూది మిగులుతుంది. గింజ ఉంటే పింజె బరువుకు త్వరగా కిందికి దిగుతుంది, అందుకే తీసేయాలి. దూది విచ్చుకోకముందే ఈ పని చేయాలి. విచ్చుకున్నాక మొదలుపెడితే గదంతా పింజెలే.

కాయను కాయగానే ఆరబెట్టి దాచుకునేవాళ్లూ ఉన్నారు. అలాగైతే కాయకు రబ్బర్ బ్యాండ్ వేయండి, లేకపోతే ఆరుతూ పగిలిపోతుంది. ఎలా ఆరబెట్టినా గాలి ఆడాలి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు, బూజు పడుతుంది. పేపర్ మీద ఒక్క వరుసగా పరిచి, నీడలో, ఫ్యాన్‌కు దూరంగా ఉంచండి. కాయలైతే పైతొక్క పెళుసుబారే దాకా ఆగాలి, రెండు వారాలు అనుకోండి. గింజ తీసిన దూదిని పేపర్ కవర్లో వదులుగా పెడితే అంతకంటే ముందే ఆరుతుంది. నాకు ఇదే నచ్చుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో జావా జపాన్ చేతికి పోయి, లైఫ్ జాకెట్లలో నింపే తెల్లబూరుగు దూది అమెరికాకు ఆగిపోయింది. దాని బదులు వాడటానికి 1944లో బడిపిల్లలు ఊరూరా తిరిగి ఈ మిల్క్‌వీడ్ కాయలు ఏరారు. 'రెండు సంచులు, ఒక ప్రాణం' అన్నది అప్పటి నినాదం. కాయల్ని ఉల్లిపాయల వల సంచుల్లో నింపి కంచెలకు వేలాడదీసి ఆరబెట్టేవారు, తర్వాత అవి మిషిగన్‌లోని పెటోస్కీ ఫ్యాక్టరీకి వెళ్లేవి. ఈ దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది. నీళ్ల మీదా గాలిలోనూ అది తేలేది అందుకే. ఎక్కువ కాయలుంటే మీరూ వల సంచి వాడండి, తడి లేని చోట వేలాడదీయండి.

ఆరిన దూదిని ఖాళీ మాత్రల డబ్బాలో పెట్టుకోండి. మరీ కుక్కొద్దు. మూతకు చిన్న రంధ్రం పెడితే ఒక్కో పింజె లాగొచ్చు. చెట్టెక్కి కూర్చోగానే ఒకటి వదలండి, తర్వాత అప్పుడప్పుడూ వదులుతూ ఉండండి. ఎండెక్కాక వాలు మీద గాలి పైకి లేస్తుంది, పొద్దువాలేసరికి చల్లబడి కిందికి జారుతుంది. ఆ మార్పు సమయంలో ఇంకాస్త తరచుగా చూడాలి.

కోసేముందు పొలం యజమానిని అడగండి. కాయలన్నీ కోసేయకండి, మోనార్క్ సీతాకోకచిలుక పిల్లపురుగులు ఈ జాతి ఆకులే తింటాయి. రాల్చిన గింజల్ని చలికాలం రాకముందే అదే బీడులో చల్లేయండి. చలి తగిలితేనే అవి వసంతంలో మొలుస్తాయి.