తోక ఉన్న పీతను ఎప్పుడైనా చూశారా?

దృశ్యం: తెల్లవారుజాము, భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోట పడవలు. తెల్లటి పళ్లెంలో గ్లాసెడు సముద్రపు నీళ్లు.

వ్యాఖ్యానం: ఈ పళ్లెంలో ఏముంది? ఉత్త నీళ్లే అనిపిస్తుంది. కదపకుండా ఒక నిమిషం చూడండి. అదిగో, బియ్యపు గింజంత కూడా లేదు, సర్రున ఈదుతోంది. రెండు నల్లటి కళ్లు, పీతకున్నట్టే ముందు కాళ్లు. వెనక మాత్రం రొయ్యలా తోక!

ఇది పీత పిల్లే. ఈ దశ పేరు మెగలోపా. దీనికి ముందు దశ జోయియా, దాని నెత్తి మీద ముల్లు ఉంటుంది. అది పీతలా అస్సలు కనిపించదు, అందుకే ఒకప్పుడు వేరే జీవి అనుకున్నారు. 1820ల్లో ఐర్లండ్‌లో జాన్ వాన్ థాంప్సన్ అనే ఆయన పరిశీలించి చెప్పాకే అది పీత పిల్ల అని తెలిసింది.

దృశ్యం: రొయ్యల హేచరీ ట్యాంకు. గాజు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తున్న చేయి.

వ్యాఖ్యానం: నిజానికి విశాఖలో ఇలాంటి దశలు తెలిసినవాళ్లు ఉన్నారు. ఇక్కడి రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లను అడగండి. రొయ్య పిల్ల దశలను నాప్లియస్, జోయియా, మైసిస్, పీఎల్ (పోస్ట్ లార్వా) అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ట్యాంకులో జరిగేదే సముద్రంలోనూ జరుగుతుంది. కాకపోతే అక్కడ మేత వేసేవాళ్లు ఉండరు.

మండపీతనే తీసుకోండి. తల్లి లక్షల గుడ్లు మోసుకుంటూ నదీముఖం దాటి సముద్రంలోకి వెళ్తుంది. పిల్లలు దాదాపు నెల రోజులు నీటితో పాటు కొట్టుకుపోతాయి. బతికిన కొన్ని మళ్లీ మడ అడవులు, ఉప్పుటేర్లు వెతుక్కుంటూ వస్తాయి. మన తీరం వెంబడి ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం ఎక్కువగా ఉత్తరం వైపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణం వైపు సాగుతుంది. అంటే వేసవిలో భీమిలి చేరిన పిల్లకు కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవి పుట్టిల్లు కావచ్చు. అక్కడ అడవి పోతే ఇక్కడ వల తేలికవుతుంది. పీత పిల్లలను లెక్కపెట్టే పనివైపు నన్ను లాగిన విషయం ఇదే.

దృశ్యం: ప్రపంచ పటం. అమెరికా పశ్చిమ తీరం.

వ్యాఖ్యానం: ఇంత చిన్నవాటిని లెక్కపెడితే ఏం తెలుస్తుంది? అమెరికాలోని ఒరెగాన్‌లో అలన్ షాంక్స్ అనే శాస్త్రవేత్త 1997 నుంచి డంజనెస్ పీత మెగలోపాలను లెక్కపెట్టారు. ఒడ్డుకు చేరిన పిల్లల సంఖ్యకు, దాదాపు నాలుగేళ్ల తర్వాత పడవలకు దొరికే పీతలకు సంబంధం ఉందని తేలింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో 2022 నుంచి మామూలు జనమే ఈ లెక్క రాస్తున్నారు.

దృశ్యం: నీళ్ల క్యాను, గరాటాలు, చిన్న లైటు.

వ్యాఖ్యానం: వాళ్ల పరికరం చూస్తే ఆశ్చర్యపోతారు. పారదర్శకంగా ఉండే పెద్ద నీళ్ల క్యానుకు పక్కల గరాటాలు బిగిస్తారు, లోపల చిన్న ఎల్‌ఈడీ లైటు పెడతారు. రాత్రి జెట్టీ నుంచి వేలాడదీస్తే పిల్లలు వెలుతురుకు వచ్చి గరాటాలోంచి లోపలికి దూరతాయి. పొద్దున సన్నటి జల్లెడతో వడగట్టి, లెక్కపెట్టి, వదిలేయడమే.

మన దగ్గరా ఇలా లెక్కపెట్టాలంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎల్‌ఈడీ లైట్లతో చేపలు పట్టడాన్ని కేంద్రం 2017లో నిషేధించింది. మనది వేట కాకపోయినా, ముందు మత్స్యశాఖను, జెట్టీ యాజమాన్యాన్ని అడిగి అనుమతి తీసుకోవాలి. ఊరి పెద్దలకూ చెప్పాలి. వాళ్ల నీళ్లలో దీపం పెడుతున్నాం కదా.

దృశ్యం: నోటు పుస్తకం. తేదీ, నీటి వేడి, తిథి, సంఖ్య అనే గళ్లు.

వ్యాఖ్యానం: తిథి ఎందుకంటారా? పున్నమి వెన్నెల్లో మన చిన్న లైటు వెలవెలబోతుంది, పిల్లలు తక్కువ పడతాయి. అది రాయకపోతే సముద్రంలోనే తగ్గాయని పొరబడతాం. గోడ మీది క్యాలెండర్ చాలు దీనికి.

అన్నిటికన్నా కష్టం సున్నా రాయడం. నాలుగు రోజులు వరసగా ఏమీ పడకపోతే ఉత్సాహం చచ్చిపోతుంది, ఐదో రోజు రావాలనిపించదు. కానీ సున్నా అంటే ‘చూశాం, లేవు’ అని. ఖాళీ గడి అంటే ‘ఎవరూ చూడలేదు’ అని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లలు ఎన్ని వచ్చాయో చెప్పాలంటే ఈ రెండూ కలిసిపోకూడదు. అదే జెట్టీ, అదే లైటు, అవే గంటలు. నలుగురు వంతులు వేసుకుంటే ఏ ఒక్కరి మీదా భారం పడదు.

దృశ్యం: ఒక అమ్మాయి పుస్తకంలో ‘3’ అని రాస్తుంది. పై వరసల్లో నాలుగు సున్నాలు.

వ్యాఖ్యానం: ఎండెక్కకముందే బకెట్ వంచేయండి. నీళ్లు వేడెక్కితే ఇవి బతకవు.

దృశ్యం: బకెట్‌లోంచి నీళ్లు మెల్లగా సముద్రంలోకి.