చూస్తూ వినండి: వీడియోల్లో దొరికే రాక్ బ్యాండ్లు

[దృశ్యం: విజయవాడ, సత్యనారాయణపురం. మేడ మీద గది. బల్ల మీద ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్స్.]

అందరికీ నమస్తే. ముందుగా ఒక ప్రశ్న. మీకు బాగా ఇష్టమైన సినిమా పాట ఒకటి తలుచుకోండి. పాడింది ఎవరు? టక్కున చెప్పేస్తారు. సంగీతం ఎవరిదో, రాసింది ఎవరో కూడా చెప్తారు. మరి అందులో డ్రమ్స్ వాయించింది ఎవరు? బేస్ గిటార్ ఎవరిది?

చాలామందికి తెలియదు, ఎందుకంటే వాళ్లని మనం ఎప్పుడూ చూడలేదు. పాట వస్తున్నంతసేపూ తెర మీద హీరో, హీరోయిన్ ఉంటారు. వాయించినవాళ్లు రికార్డింగ్ స్టూడియోలోనే ఉండిపోతారు. అందుకే మన చెవికి గొంతూ మాటలూ పట్టుకోవడం అలవాటైంది. మొదటిసారి రాక్ పాట విన్నవాళ్లు "అబ్బా, గోల" అనేది ఇందుకేనని నా నమ్మకం. మాటలు అర్థం కావు, గొంతు సగం వినపడదు, ఇక చెవికి ఆసరా ఏముంటుంది?

నా సంగతీ అంతే. నాకు ఆసరా దొరికింది వీడియోల్లో.

[తెర మీద: చేత్తో గీసిన బొమ్మ. వీధిలో బారులు తీరిన డ్రమ్ సెట్లు.]

ది వైట్ స్ట్రైప్స్ అని అమెరికాలోని డెట్రాయిట్ బ్యాండ్ ఒకటి ఉండేది. బ్యాండ్ మొత్తం ఇద్దరే. జాక్ వైట్ పాడుతూ గిటార్ వాయిస్తాడు, మెగ్ వైట్ డ్రమ్స్. 2003లో వాళ్ల 'ది హార్డెస్ట్ బటన్ టు బటన్' వీడియో వచ్చింది. తీసింది ఫ్రాన్స్‌కి చెందిన దర్శకుడు మిషెల్ గోండ్రీ.

అందులో మెగ్ డ్రమ్ మీద ఒక దెబ్బ వేస్తుంది. వెంటనే పక్కన ఇంకో డ్రమ్ సెట్, దాని ముందు మళ్లీ తనే. ఇంకో దెబ్బ, ఇంకో సెట్. దెబ్బ దెబ్బకీ ఆ వరస న్యూయార్క్ వీధుల్లో ముందుకు జరుగుతూ పోతుంది. అటు జాక్ గిటార్ మోగినప్పుడల్లా ఒక ఆంప్లిఫయర్, అంటే గిటార్ చప్పుడు పెంచే పెట్టె, వచ్చి నిలబడుతుంది. దీనికోసం అచ్చం ఒకేలా ఉండే 32 డ్రమ్ సెట్లు, 32 ఆంప్లిఫయర్లు తెప్పించారు.

ఆ వీడియో నాకు ఏం చేసిందో చెప్తాను. మొదటిసారి వింతగా చూశాను. రెండోసారి దెబ్బలు లెక్కపెట్టాను. మూడోసారికి నా వేలు బల్ల మీద దానంతటదే కొడుతోంది.

[బల్ల మీద వేలితో: ధన్, ధన్, ధన్, ధన్.]

అప్పుడు కళ్లు మూసుకుని విన్నాను. డ్రమ్ ఒకవైపు, గిటార్ ఒకవైపు, గొంతు ఇంకోవైపు విడివిడిగా వినపడ్డాయి. అంతకుముందు అదంతా ఒకే ముద్ద. ఏ రాగి చెంబు చప్పుడు ఏదో వంటింట్లో అమ్మకి చూడకుండానే తెలిసిపోతుందే, అలాంటి తెలివి నా చెవికి ఆరోజు కాస్త వచ్చింది. కొత్త బ్యాండ్‌ని వెతికేటప్పుడు నేను ఇప్పటికీ ఇదే చేస్తాను: ఒకసారి ఊరికే చూడటం, రెండోసారి ఒక్క వాద్యం మీదే కన్ను పెట్టడం, మూడోసారి కళ్లు మూసుకోవడం.

ఇలా పాటకి వీడియో తీసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 1975లో క్వీన్ బ్యాండ్ దాదాపు ఆరు నిమిషాల 'బొహీమియన్ రాప్సడీ'కి తీసిన వీడియో, టీవీలో తాము వెళ్లి పాడనక్కర్లేకుండా పాటే వెళ్లేలా చేసింది. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు వేసే ఎంటీవీ ఛానెల్ మొదలయ్యాక వీడియో లేని బ్యాండ్‌కి చోటు కష్టమైంది. మన దగ్గరికి తొంభైల్లో కేబుల్‌తో పాటు వచ్చాయి ఆ ఛానెళ్లు. మా ఇంట్లో ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆ ఛానెల్ తీసేసి ఇంకోటి పెట్టారు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఒక జాగ్రత్త. వీడియోలో వాళ్లు వాయిస్తున్నట్టు కనపడినా, చాలావరకు ముందే రికార్డు చేసిన పాటకి చేతులు కదుపుతుంటారు. ఈసారి గిటార్ కింది భాగం చూడండి. చాలా వీడియోల్లో దానికి వైరే ఉండదు. తప్పేం లేదు, వీడియో అంటే అంతే. కానీ బ్యాండ్ సత్తా తెలియాలంటే రెండో మెట్టు ఎక్కాలి. సియాటెల్‌లో కేఈఎక్స్‌పీ అనే రేడియో స్టేషన్ ఉంది, వాళ్లు బ్యాండ్లని స్టూడియోకి పిలిచి అక్కడికక్కడ వాయింపించి వీడియో పెడతారు. వాషింగ్టన్‌లో ఎన్‌పీఆర్ రేడియో వాళ్ల టైనీ డెస్క్ కూడా అలాంటిదే, 2008 నుంచి ఒక ఆఫీసు బల్ల వెనక నిలబడి వాయిస్తున్నారు. వీడియో నచ్చిన బ్యాండ్ పేరు పక్కన 'లైవ్' అని కొట్టి వెతకండి. అక్కడ కూడా నచ్చితే ఇక ఆ బ్యాండ్ మీదే.

ఇంకో మాట, ఫోన్ స్పీకర్‌తో మాత్రం వినకండి. మామూలు నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 కంపనాల దగ్గర ఉంటుంది. అంత చిన్న స్పీకర్ ఆ స్వరాన్ని పలికించలేదు. బేస్ వాయించే మనిషి తెర మీద కనపడుతుంటాడు, వాద్యం మాత్రం వినపడదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

సరే, ఒక బ్యాండ్ దొరికింది. తర్వాతది ఎలా? మనవాళ్లకి దర్శకుడి పేరు చూసి సినిమాకి వెళ్లే అలవాటు ఉంది కదా, ఇక్కడా అదే చేయండి. గోండ్రీ పేరు పట్టుకుని వెతికితే నాకు 1997 నాటి 'ఎవర్‌లాంగ్' దొరికింది. ఫూ ఫైటర్స్ పాట. కలలో ఆ బ్యాండ్ గాయకుడు డేవ్ గ్రోల్ చెయ్యి అమాంతం పెరిగి పెద్దదైపోతుంది, దాంతోనే రౌడీలని కొడతాడు. ఈ గ్రోల్ ఎవరా అని చూస్తే అంతకుముందు నిర్వాణ అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినవాడు. ఆ రాత్రి నిర్వాణ. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే.

[తెర మీద: భారతదేశం పటం. కేరళ, ఢిల్లీ, హైదరాబాద్ దగ్గర చుక్కలు.]

అన్నీ అమెరికాలోనే వెతకక్కర్లేదు. కేరళలో అవియల్ అనే బ్యాండ్ మలయాళంలో రాక్ పాడింది, వాళ్ల 'నడ నడ' వీడియో 2003 నాటిది. ఢిల్లీ బ్లడీవుడ్ మెటల్ బ్యాండ్, అంటే ఇంకా గట్టి రాక్ వాయించేవాళ్లు, గిటార్ల మధ్య ఢోల్, వేణువు ఉంటాయి. 2019లో జర్మనీలో వాకెన్ అనే మెటల్ సంగీతోత్సవం వేదిక మీద వాయించారు. అమ్మవారి ఊరేగింపులో డప్పు విని ఒళ్లు పులకరించినవాళ్లకి ఆ ఢోల్ ఏం చెప్తుందో నేను వివరించనక్కర్లేదు. ఇక మన తెలుగులో చౌరస్తా ఉంది, జానపదాన్నీ, రెగె అనే జమైకా సంగీతాన్నీ కలిపి 'ఊరెళ్ళిపోత మామ' పాడినవాళ్లు.

చివరగా మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ఆకాశవాణి విజయవాడ భక్తిరంజనితో పొద్దు మొదలుపెట్టిన మనిషి. నా గదిలోంచి వచ్చే చప్పుడుకి తలుపు దగ్గరికి వేసి వెళ్లేవారు. ఒకరోజు నేను మంగోలియా బ్యాండ్ ది హూ వాళ్ల 'యువె యువె యు' పెట్టాను, 2018లో వచ్చిన వీడియో. గొంతు లోపలినుంచి వచ్చే పాట, చేతిలో మోరిన్ ఖూర్ అనే వాద్యం. రెండే తంతులు, గుర్రం వెంట్రుకల కమాను, పైన చెక్కిన గుర్రం తల. తలుపు వేయడానికి వచ్చిన నాన్న అలాగే నిలబడిపోయారు.

"ఆ ఫిడేలుకి తల చూశావా అమ్మా, గుర్రం."

కుర్చీ జరిపాను. కూర్చున్నారు. ఆ పాట ఒక్క ముక్క మా ఇద్దరికీ అర్థం కాదు. ఆయన కన్ను మాత్రం ఆ కమాను మీదే ఉంది. పాట అయిపోయాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు:

"వీళ్లవి ఇంకా ఉన్నాయా?"

[తెర మీద: నాన్న చేతికి ఇయర్‌ఫోన్స్ అందిస్తున్న చెయ్యి.]