పలుపు ఒక్క లాగుకు ఊడాలి

పెద్దలకు, అన్నలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నా నమస్కారాలు. తెల్లారేసరికే పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఉప్పుచెక్క మింగించి, అలసిపోయి వచ్చి కూర్చున్నారు. కనుమ పూట మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను.

నన్ను జోరీగల గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఇందాక వస్తూ చూశాను, ఈసారి చిట్లాకుప్ప, అదే కనుమ సాయంత్రం మంట వేసే కంపకుప్ప, చింతమాను కింద వేశారు. తలెత్తి చూస్తే పైకొమ్మకు రెండు తేనెతుట్టెలు, ఒక్కోటి చేటంత ఉంది. అది చూసినప్పటి నుంచి నా గుండె దడదడలాడుతూనే ఉంది. రాసుకొచ్చిన కాగితం పక్కన పెడుతున్నాను. జోరీగల సంగతి తర్వాత.

ఇదిగో, ఈ నైలాన్ పలుపు చూడండి. వెనకున్నవాళ్లకు కనబడుతుందా? ఈ ముడి నేను వేసిందే. 2011 మార్చిలో వేశాను, ఈరోజుకీ ఊడలేదు.

మాకు ఒక జెర్సీ ఆవు ఉండేది, గౌరి అని పిలిచేవాళ్లం. రెండో ఈత, పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. అప్పటికే రెండుసార్లు పలుపు విప్పుకుని పక్కవాళ్ల చేనిక్కాయల చేలో పడింది. మాట పడ్డాం. అందుకని ఆరోజు మామిడితోపు గట్టున చింతమానుకు కట్టి, ముడి మీద ముడి, మూడు ముళ్లు బిగించి ఇంటికొచ్చాను. పదకొండు గంటలప్పుడు మానుమీద తుట్టె కదిలింది. గద్ద తన్నిందో, ఎవరైనా రాయి వేశారో మాకు తెలియదు.

మేం అరుపు విని పోయేసరికి ఆవు మాను చుట్టూ తిరిగి తిరిగి, పలుపంతా మొద్దుకు చుట్టుకుపోయి, దాని మొహం బెరడుకు ఆనుకుపోయి ఉంది. ముట్టె కనబడలేదు. ముట్టె ఉండాల్సిన చోట ఈగలు కదులుతున్నాయి. మా మామ గోనెసంచి కప్పుకుని లోపలికి పోయాడు. ఆవు లాగిన లాగుకు నైలాన్ ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్లతో గీకాడు, పళ్లతో పీకాడు. చేతిలో కొడవలి లేదు. వెనక్కి వచ్చేసరికి కళ్లు మూతలు పడిపోయాయి, మాట రావడం లేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు.

పొద్దు గూకాక ఈగలు తగ్గితే పలుపు కోసి ఆవును తోలుకొచ్చాం. గొంతు వాచిపోయింది, ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. పోసిన ఉచ్చ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. డాక్టరు కోసం ఫోన్ చేస్తే పొద్దున వస్తామన్నారు. పొద్దున వచ్చి, ఇంజక్షన్ మా దగ్గర లేదు, తిరుపతిలో కొనుక్కురండి అని చీటీ రాసిచ్చారు. మూడో రోజు గౌరి పోయింది. ఆ రాత్రే మందు పడి ఉంటే బతికేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అంతకన్నా ముందు, ఆ ముడి ఊడి ఉంటే ఆవు దాని కాళ్లతో అదే పారిపోయి ఉండేది. మందలో వదిలిన పశువు తోక ఎత్తుకుని పరిగెత్తి తప్పించుకుంటుంది. కట్టేసినదే చచ్చిపోతుంది. అన్నా, ఈ ఒక్క మాట ఇంటికి పట్టుకుపోండి.

తేనెటీగ ముల్లుకు, గాలానికి ఉన్నట్టు, వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి. కుట్టాక ముల్లు, విషపు తిత్తితో సహా తోలులోనే ఉండిపోతుంది. ఈగ చచ్చినా తిత్తి విషం ఎక్కిస్తూనే ఉంటుంది, 20 సెకన్లలోనే చాలావరకు దిగిపోతుంది. అందుకే ముల్లును గోటితో గీకుతారా, పీకుతారా అని ఆలోచిస్తూ నిలబడకూడదు, ఎంత తొందరగా తీస్తే అంత మేలు. కుట్టినచోటి నుంచి మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. ఆ వాసనే మిగతా ఈగలను అక్కడికి పిలుస్తుంది. కందిరీగ అలా కాదు, దాని ముల్లు ఊడదు, ఒక్కటే ఎన్నిసార్లయినా కుడుతుంది. పాక చూరులో కందిరీగల గూడు కనబడితే పగలు కర్ర పెట్టి పొడవకండి. పశువులను వేరేచోట కట్టి, అలవాటున్నవాళ్లను పిలవండి.

కుట్టించుకున్న పశువు గొంతు వాచినా, ఊపిరి కష్టమైనా, ఉచ్చ రంగు మారినా పసరు మందులతో పొద్దుపుచ్చకండి. 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ నంబరు అది. అమ్మా, నంబరు మళ్లీ చెబుతున్నాను, 1962. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.

తుట్టెలకు నిప్పు పెట్టి చంపుదామని మీలో కొందరు అంటారని తెలుసు. వద్దు. ఇది మామిడి పూత కాలం. ఆ ఈగలు మన తోపుల మీదే బతుకుతున్నాయి, మన కాపుకూ పనికొస్తాయి. పూత అయిపోతే వాటంతటవే లేచి వెళ్లిపోతాయి. అప్పటిదాకా ఆ మాను కింద పశువును కట్టకపోతే చాలు.

జోరీగల గురించి రెండు మాటలు. జోరీగ కుట్టదు, తోలు కోసి నెత్తురు తాగుతుంది. పశువు తోలేస్తే సగం తాగి లేచి పక్క పశువు మీద వాలుతుంది, సర్రా అనే నెత్తురు రోగం ఒకదాని నుంచి ఒకదానికి అలాగే అంటుకుంటుంది. వానలప్పుడు వీటి ఉధృతి ఎక్కువ. ఎండలో, బయట ఉన్న పశువునే ఎక్కువగా పట్టుకుంటాయి, నీడపాకలోకి అంతగా రావు. కాబట్టి ఆ రోజుల్లో పెందలాడే మేపి, ఎండెక్కేసరికి పాకలోకి తోలండి. పేడ, మడుగునీళ్లు పాక పక్కన ఉంచకండి. జ్వరం వచ్చి పశువు గిరగిరా తిరిగితే నెత్తురు పరీక్ష చేయించండి. 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు ఈ నెత్తురు తాగే ఈగలు, దోమలు, గోమార్లు ఎంత పని చేశాయో మీరే చూశారు.

మళ్లీ ముడి దగ్గరికే వస్తున్నాను. ఇదిగో కొత్త పలుపు. గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి, ముడి వేసేటప్పుడు కొనను పూర్తిగా దూర్చకుండా, మడిచి ఆ మడత మాత్రం దూర్చాలి. ఆవు ఎంత లాగినా బిగుస్తుంది తప్ప ఊడదు. మనం కొన పట్టి లాగితే ఊడిపోతుంది. నాలుకతో లాక్కుని విప్పుకుంటుంది అంటారా? నేనూ ఆ భయంతోనే మూడు ముళ్లు వేశాను. కొన దాని మూతికి అందకుండా గుంజకు అవతలి వైపు వేలాడదీయండి. ఇంటికో కొడవలి కూడా గుంజ పక్కన చూరులో దోపి ఉంచండి.

చిట్లాకుప్ప సంగతి. ఇంకా రెండు గంటల పొద్దుంది. నలుగురు కుర్రాళ్లు లేస్తే ఆ కంపంతా చెరువు మైదానంలోకి ఈడ్చేయొచ్చు. మంట అక్కడ అంటిద్దాం. పొగ తగిలితే తుట్టెలు లేస్తాయి, కింద ఊరి పశువులన్నీ, పిల్లలందరూ ఉంటారు. మీ కాళ్లకు మొక్కుతాను, ఆ మాను కింద మాత్రం వద్దు.

ఒరే అబ్బోడా, ఆ ఎర్రచొక్కా, నువ్వే, ఇటు రా. ఈ కొన పట్టుకో. ఊ, లాగు.