లూప్‌లో కాల్‌బ్యాక్ రాస్తే అన్‌డిఫైన్డ్ ఎందుకు వస్తుంది?

అందరికీ నమస్కారం. కొత్త జావాస్క్రిప్ట్ ఫైలు తెరిచాను, పేరు పెట్టాను, సేవ్ చేశాను. ఇదంతా మీకు తెలిసిందే, ముందుకు వెళ్దాం.

మన రైలు దారిలో నాలుగు స్టేషన్లు తీసుకుంటున్నాను. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు. ఆమదాలవలసలో దిగుతాం చూడండి, అదే. నాలుగూ ఒక అర్రేలో, అంటే వరుస జాబితాలో పెట్టాను. కింద ఫర్ లూప్, వార్‌తో ఐ అనే వేరియబుల్, 0 నుంచి మొదలు. లోపల సెట్‌టైమౌట్, అంటే ఇచ్చిన ఫంక్షన్‌ను కాసేపాగి నడిపేది, 1000 మిల్లీసెకన్లు. దానికి అందించిన ఈ చిన్న ఫంక్షనే కాల్‌బ్యాక్. ఐ ఏ స్థానం చూపిస్తే ఆ స్టేషన్ పేరు కన్సోల్‌లో వేయాలి, అంతే.

నడిపిద్దాం. చూశారా? నాలుగుసార్లూ అన్‌డిఫైన్డ్, అంటే అక్కడ విలువే లేదని. ఒక్క పేరూ రాలేదు.

ఇక్కడ ఆగుదాం. నేర్చుకునే రోజుల్లో ఒక సాయంత్రమంతా నేను ఇక్కడే ఉండిపోయాను. తప్పంతా ఆ 1000 వల్లే అనుకుని 0 పెట్టాను. ఇదిగో, మీరూ చూడండి, 0. మళ్లీ అదే! 0 అని రాసినా కాల్‌బ్యాక్ వెంటనే నడవదు. నడుస్తున్న కోడ్ మొత్తం పూర్తయ్యాకే దాని వంతు. అప్పటికి లూప్ అయిపోయింది, ఐ 4 దగ్గర ఆగింది. మన స్టేషన్లు 0 నుంచి 3 వరకే కదా, 4లో ఏముంది? ఏమీ లేదు.

కాల్‌బ్యాక్ ఐ విలువను మూటకట్టుకుని వెళ్లలేదు. నడిచే వేళకు ఐ దగ్గరికి వచ్చి చూసుకుంది. వార్‌తో రాస్తే లూప్ మొత్తానికీ ఒకటే ఐ, నలుగురికీ ఒకటే పలక అన్నమాట.

వార్ తీసి లెట్ పెడుతున్నాను. పేర్లు వచ్చేశాయి! లెట్ జావాస్క్రిప్ట్‌లోకి 2015లో వచ్చింది. దీంతో లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త ఐ పుడుతుంది.

నాకైతే ఇలాంటివి బ్రేక్‌పాయింట్, అంటే నడుస్తున్న కోడ్ ఆగే చోటు, పెట్టి చూడటమే ఇష్టం. క్రోమ్‌లో ఎఫ్12, సోర్సెస్, కాల్‌బ్యాక్ లోపలి వరుస నంబరు మీద ఒక్క నొక్కు. ఆగినప్పుడు పక్కన స్కోప్ కింద ఐ చూడండి. 0, తర్వాత 1, తర్వాత 2.

ఇప్పుడు సెకనుకో పేరు రావాలి. 1000 బదులు ఐ ఇంటూ 1000. ఒక్కసారి వార్ తిరిగి పెడతాను, గమనించండి. సెకను సెకనుకూ సరిగ్గానే వస్తోంది, పేరు మాత్రం అన్‌డిఫైన్డ్! ఆ గుణకారం కాల్‌బ్యాక్ బయట ఉంది, లూప్ తిరుగుతుండగానే లెక్క తేలిపోయింది. పేరు వెతకడం లోపల ఉంది, తర్వాత జరిగింది. మళ్లీ లెట్. విజయనగరం... చీపురుపల్లి... పొందూరు... శ్రీకాకుళం రోడ్డు.