సిలువ మేకు కాలికి ఎక్కడ దిగింది?

అందరికీ వందనాలు. వివరాలు కాస్త కఠినంగా ఉంటాయి, చిన్నపిల్లలు పక్కన ఉంటే ఈ వీడియో తర్వాత చూడండి.

ముందు మీ కుడికాలి చీలమండ కింద, బయటి వైపు వేలు పెట్టి నొక్కండి. గట్టిగా తగులుతోందా? అదే మడమ ఎముక. 1968లో యెరూషలేములో, గివత్ హమివ్తార్ దగ్గర పాత సమాధులు బయటపడ్డాయి. మొదటి శతాబ్దం నాటివి. అక్కడ ఎముకలు దాచే రాతి పెట్టె ఒకదాని మీద యెహోహానాన్ అన్న పేరు చెక్కి ఉంది. లోపల ఒక కుడి మడమ ఎముక, దానికి అడ్డంగా దిగబడిన ఇనప మేకు!

ఫొటోలో మేకు కొస చూడండి, వంకర తిరిగిపోయింది. కొయ్యలో ఏ గట్టి కణుపో తగిలి ఉంటుంది. అందుకే ఊడిరాలేదు, మేకుతో సహా పాతిపెట్టారు. మేకు తలకీ ఎముకకీ మధ్య చెక్క ఆనవాళ్లు కూడా దొరికాయి. మనం బోల్టుకి వాషర్ వేస్తామే, అలాంటిదన్నమాట. కాలు లాగేసుకోకుండా!

మొదట్లో రెండు మడమలకూ కలిపి ఒకే మేకు కొట్టారనుకున్నారు. 1985లో మళ్లీ కొలిచారు. మేకు పొడవు 11.5 సెంటీమీటర్లే. రెండు మడమల్లోంచి దిగి, కొయ్యలోకి పోవడానికి అది చాలదు. అంటే నిలువు కొయ్యకు ఇటొక కాలు, అటొక కాలు పెట్టి, పక్కల నుంచి కొట్టి ఉండాలి. మన క్యాలెండర్లలో కనిపించే, పాదం మీద పాదం పెట్టిన బొమ్మకీ దీనికీ పోలికే లేదు.

అయితే యేసుకీ ఇలాగే కొట్టారని తేల్చేయకండి. యెరూషలేము ముట్టడిలో సైనికులు ఒక్కొక్కరిని ఒక్కో భంగిమలో కొట్టారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. యెహోహానాన్ చేతి ఎముకల మీదైతే మేకు గుర్తులే తేలలేదు, తాళ్లతో కట్టి ఉండొచ్చు. యేసు చేతులకు మాత్రం మేకులే, శిష్యుడు తోమా అడిగింది ఆ గుర్తులనే.

చివరగా, చావు ఎలా వచ్చేది? ఊపిరాడక అని ప్రసంగాల్లో ఖాయంగా చెప్పేస్తుంటారు. ఫ్రెంచి సర్జన్ పియెర్ బార్బే వాదన అది. అమెరికా డాక్టర్ ఫ్రెడరిక్ జుగిబే మనుషుల్ని సిలువకు కట్టి పరీక్షిస్తే ఊపిరికి ఇబ్బంది కనిపించలేదు. దెబ్బలు, నెత్తురు పోవడం వల్ల వచ్చే షాకే కారణమని ఆయన అన్నాడు. కాబట్టి పాఠం చెప్పేటప్పుడు రెండూ చెప్పండి, ఒక్కదాన్నే రుజువైనట్టు చెప్పకండి.